లీటరు నీళ్లు, ఒక్క ప్యాకెట్

"ఒంట్లో ఆసిడ్ పెరిగింది, అన్ని రోగాలకూ అదే మూలం" అని చెప్పి ఆల్కలైన్ నీళ్ల యంత్రం అమ్మేవాడికి మహారాష్ట్రలోని మన రాజురాలో కుర్చీ వేసి చాయ్ ఇస్తున్నారు. ధర లక్షల్లో ఉన్నా వాయిదాల మీద కొంటున్నారు. అదే వీధి చివర రెండేళ్ల పిల్లకు పొద్దుటి నుంచి నీళ్ల విరేచనాలు అవుతుంటే, "పండ్లొస్తున్నయేమో, తగ్గుతది" అనేసి పోతున్నారు. నా కోపమంతా ఇక్కడే.

మనం తినే తిండికీ తాగే నీళ్లకూ రక్తం లొంగదయ్యా! దాని పీహెచ్‌ను 7.35, 7.45 మధ్య నిలబెట్టడానికి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు రాత్రింబవళ్లు పనిచేస్తాయి. లక్షలు పోసిన ఆ నీళ్లు గొంతు దిగి జీర్ణాశయంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పడగానే వాటి క్షారగుణం అక్కడే సరి. మాంసం మానినా, యంత్రం కొన్నా, మహా అయితే మారేది మూత్రం పీహెచ్. అమెరికాలో ఈ క్షార వైద్యాన్ని పుస్తకాలు రాసి ప్రచారం చేసిన రాబర్ట్ యంగ్, లైసెన్సు లేకుండా వైద్యం చేసినందుకు 2016లో దోషిగా తేలాడు. ఒక క్యాన్సర్ రోగికి అతను పది కోట్ల యాభై లక్షల డాలర్లు కట్టాలని 2018లో అక్కడి జ్యూరీ తీర్పిచ్చింది. అక్కడ పరువు పోయిన మాట ఇక్కడ మన ముంగిట్లో అమ్ముడుపోతోంది.

నిజంగా రక్తంలో ఆమ్లం పెరిగేది ఎవరికో తెలుసా? ఆ వీధి చివరి పిల్లకు. ప్రతి విరేచనంతోనూ నీళ్లతో పాటు ఉప్పు, పొటాషియం, బైకార్బొనేటు పోతాయి. కళ్లు లోపలికి పోతాయి, నోరు ఎండుతుంది. ఒంట్లో పేరుకున్న ఆమ్లాన్ని వదిలించుకోవాలని పసిప్రాణం లోతుగా, ఆయాసంగా ఊపిరి తీస్తుంది. చూసినవాళ్లు నెమ్ము అనుకుంటారు.

దీనికి మందు ఓఆర్ఎస్ ప్యాకెట్లోనే ఉంది. లీటరు నీళ్లకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. ఆ సిట్రేటు ఒంట్లో బైకార్బొనేటుగా మారి, పోయినదాన్ని తిరిగి నింపుతుంది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలితే, సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ సోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి తాగించాడు. వేల ప్రాణాలు నిలిచాయి. యాభై ఏళ్లు దాటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, విరేచనాలైన పిల్లల్లో పదిమందికి ఆరుగురికే ఓఆర్ఎస్ అందినట్టు తేలింది. మిగతా నలుగురు ఎవరి పిల్లలు?

ఆ అందినదైనా అసలుదేనా? చక్కెర పానీయాల డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాసి ఏళ్ల తరబడి అమ్మారు. పేగులో చక్కెర ఎక్కువైతే ఒంట్లోని నీటిని అది లోపలికి లాగి విరేచనాలను పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్లకేళ్లు ఉత్తరాలు రాసి, హైకోర్టు మెట్లెక్కి, కంటతడి పెట్టుకుని పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదంది. ఒక్క మనిషి అన్నేళ్లు అరిస్తే గానీ వినపడని చెవులు మన వ్యవస్థవి.

ఇక మన రాజురా సంగతి. ఇది 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఇప్పటికీ ఈ తాలూకాలో తెలుగు, గోండీ మాత్రమే బాగా వచ్చిన తల్లులున్నారు. వాళ్ల చేతిలో ప్యాకెట్ పెట్టి, మీద రాసింది చదువుకోమంటారు! ప్యాకెట్ అంతా గ్లాసుడు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లకు ప్రమాదం. కొంచెం కొంచెం వేసి నాలుగు రోజులు దాచుకుంటే ఫలితం లేదు. లీటరు నీళ్లు కొలిచి, మొత్తం పొడి కలిపి, చెంచాతో పడుతూ తల్లి ఎదుటే, ఆమె మాటలో చూపించడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఎవరి డ్యూటీలోనూ లేవా, ఆరోగ్య శాఖ సార్లూ? వానాకాలం వస్తోందని మీకు ఏటా కొత్తగా తెలుస్తుందా? మందుల దుకాణం అన్నా, పిల్ల తండ్రి యాభై రూపాయలు చేతబట్టుకుని వచ్చినప్పుడు ఆ తీపి డబ్బా పక్కన పెట్టి, ఆ చిన్న ప్యాకెట్ తీసి ఇయ్యి. జింకు మాత్రలు కూడా ఇయ్యి. లాభం తగ్గుతుందా? తగ్గనీ!