కేబుల్ తెగిన టైం ఎవరికి కావాలి?

లాగ్ ఫైల్ అంటే మనలో చాలామందికి ఎర్రర్ వస్తే తెరిచి, పనయ్యాక డిలీట్ చేసే చెత్త. నన్నడిగితే, చూడదగ్గ గొప్ప లాగ్‌లలో ఒకటి కంప్యూటర్లు రాసింది కాదు, టెలిగ్రాఫ్ కంపెనీలు రాసింది.

1929 నవంబర్ 18న కెనడా తూర్పు తీరంలో, గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర సముద్రం కింద 7.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాని వెనకే సునామీ. అట్లాంటిక్ అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుళ్ళు 12 తెగాయి. భూకంపం కదా, తెగవా అనుకుంటాం. కానీ దగ్గరున్నవి వెంటనే తెగితే, ఖండతీరపు వాలు కింద లోతులో ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటి వరసగా తెగుతూ పోయాయి. చివరిది తెగింది 13 గంటలు దాటాక. భూకంపం అంత తీరిగ్గా పనిచేయదుగా!

ఏ కేబుల్ ఏ నిమిషంలో మూగబోయిందో రికార్డుల్లో ఉంది. 1952లో బ్రూస్ హీజెన్, మారిస్ ఈవింగ్ ఆ టైమ్‌ల పక్కన దూరాలు పెట్టి చూశారు. దూరాన్ని కాలంతో భాగించడం, స్కూల్లో చేసిన లెక్కే. వాలు మీద పేరుకున్న మట్టి జారి, నీళ్ళలో కలిసి, బరువైన బురద ప్రవాహమై కిందికి దూసుకెళ్ళిందని తేల్చారు. దీన్నే టర్బిడిటీ కరెంట్ అంటారు. లోపలి సుడులు అడుగునున్న మట్టిని ఇంకా లేపుతాయి, బరువు పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. మన భాషలో ఫీడ్‌బ్యాక్ లూప్. వాళ్ళ లెక్కలో గరిష్ఠ వేగం గంటకు 100 కి.మీ. దాకా వచ్చింది. తర్వాతివాళ్ళు తగ్గించారు, అయినా 60 పైనే. నడుంలోతు నీళ్ళలో ఒకసారి పరిగెత్తి చూడండి, ఈ నంబర్ ఏంటో తెలుస్తుంది.

ఇదేదో పాత కథ కాదు. 2020 జనవరిలో కాంగో నది ముందున్న సముద్రగర్భ లోయలో ఇలాంటిదే 1,100 కి.మీ.కి పైగా వెళ్ళి రెండు ఇంటర్నెట్ కేబుళ్ళను తెంపింది. ఆఫ్రికాలో నెట్ నత్తనడక నడిచింది. అప్పుడు కూడా వేగం లెక్కకి తెగిన టైమ్‌లు పనికొచ్చాయి.

ఇప్పుడు విశాఖ సంగతి. గూగుల్ డేటా సెంటర్‌తో పాటు సముద్ర కేబుళ్ళు కూడా దిగుతాయని 2025 అక్టోబర్‌లో ప్రకటించారు. అందరం ప్యాకేజీల గురించే మాట్లాడుకున్నాం (నేనూ). బంగాళాఖాతం అడుగు చూస్తే, గంగా బ్రహ్మపుత్రల బురద పరుచుకుని ప్రపంచంలోనే అతిపెద్ద సముద్రగర్భ మేట అయింది. గోదావరి, కృష్ణల ముందు వాలులోనూ లోయలున్నాయి. రేపే కేబుల్ తెగుతుందని భయపెట్టట్లేదు. తెగితే ఆ టైం, ఆ చోటు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ లాంటి సంస్థలకు చేరాలంటున్నాను, అంతే.

సెక్యూరిటీ అంటారు. సరే, కేబుల్ దారంతా బయటపెట్టొద్దు, ఏడాది ఆలస్యంగా ఇవ్వండి. రెండు కాలమ్‌ల ఫైల్‌కి ఖర్చేముంది? కాకపోతే ఈ షరతు పర్మిషన్లు ఇచ్చేటప్పుడే రాయించుకోవాలి. తెగాక అడిగితే ఎవరిస్తారు?