ఎన్ని అడుగులు?

జూలై వచ్చిందంటే మా ఊళ్లో పలకరింపు మారిపోతుంది. "బాగున్నారా" అని ఎవరూ అడగరు. "ఎన్ని అడుగులు?" అంతే. టీ బండి దగ్గరా అదే, ఆటో స్టాండులోనూ అదే, వాట్సాప్ స్టేటస్‌లోనూ అదే. కొత్తవాళ్లకు అర్థం కాదు. ఇక్కడ బడికెళ్లే పిల్లల్ని అడిగితే చెప్పేస్తారు. గోదారి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది.

అవును, మాది భద్రాచలం.

ఆ పేరు వినగానే మీకు గుడి గుర్తొస్తుంది. రావాలి కూడా. నాలుగు చేతులతో, ఎడమ తొడ మీద సీతమ్మను కూర్చోబెట్టుకున్న రాముణ్ని చూడాలంటే పొద్దున్నే రండి, రద్దీ తక్కువ. రామదాసు చేయించిన నగలు కూడా చూసి రండి. ఆ నగల కోసం, ఈ గుడి కోసం ఖజానా డబ్బు ఖర్చుపెట్టాడనే కదా ఆయన్ని గోల్కొండలో జైల్లో పెట్టింది! సాయంత్రం వంతెన మీద నడవండి. నది మీద నుంచి వచ్చే గాలికి జుట్టు ఆగదు, ఫోన్ మాత్రం గట్టిగా పట్టుకోండి. ఇంకో మాట. రైల్లో వచ్చేవాళ్లు 'భద్రాచలం రోడ్' స్టేషన్ పేరు చూసి మోసపోకండి. అది కొత్తగూడెంలో ఉంది, అక్కణ్నుంచి మా ఊరికి ఇంకా 40 కిలోమీటర్లు.

ఇదంతా రీల్స్‌లో కనిపించే భద్రాచలం. రీల్స్‌లో కనిపించనిది మా సరిహద్దు.

గుడి దగ్గర బండి స్టార్ట్ చేసి చింతూరు రోడ్డు పట్టుకుంటే, పాట ఒకటి పూర్తయ్యేలోపు రాష్ట్రం మారిపోతుంది. ఎటపాక ఇక్కడికి రెండు కిలోమీటర్లే, కానీ అది ఆంధ్రప్రదేశ్. 2014లో పోలవరం ముంపు మండలాలను అటు కలిపినప్పుడు భద్రాచలం మండలం కూడా వెళ్లింది, ఒక్క భద్రాచలం ఊరు తప్ప. ఆనుకుని ఉన్న పల్లెలన్నీ అటు, మేం ఇటు. రాముడి గుడి తెలంగాణలో ఉంటే, ఆయన పొలం దాదాపు 890 ఎకరాలు ఆంధ్రలోని పురుషోత్తపట్నంలో ఉంది. దేవుడికే రెండు రాష్ట్రాల్లో పని పడింది, ఇక మా సంగతి చెప్పేదేముంది?

మా అమ్మమ్మ ఉండేది ఎటపాక మండలంలో, గోదారి ఒడ్డున ఓ చిన్న ఊళ్లో. ఆమె పుట్టినప్పుడు ఆ ఊరు తూర్పుగోదావరి జిల్లా. 1959లో ఖమ్మం జిల్లా అయ్యింది. 2014లో మళ్లీ తూర్పుగోదావరి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా. అమ్మమ్మ ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు. "నేను ఎక్కడికీ పోలేదే, వాళ్లే వచ్చి పోతన్నారు" అంటుంది.

2023 డిసెంబర్‌లో తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలైంది. అమ్మమ్మకు కంటి డాక్టర్ దగ్గర చూపించాలని కొత్తగూడెం తీసుకెళ్లాను. ఒకే సీట్లో ఇద్దరం. నా ఆధార్ చూసి కండక్టర్ జీరో టికెట్ ఇచ్చాడు. అమ్మమ్మ ఆధార్ చూసి "ఏపీ అడ్రస్ అమ్మా, టికెట్ తీసుకోవాలి" అన్నాడు. అమ్మమ్మ డబ్బులిచ్చి, దారి పొడవునా నా వైపు అదోలా చూసింది. 2025 ఆగస్టులో అటువైపూ ఉచిత బస్సు వచ్చింది. ఇప్పుడు చింతూరు వెళ్లే ఆంధ్ర బస్సెక్కితే ఆమెది జీరో టికెట్, నాది డబ్బుల టికెట్. ఆ రోజు ఆమె నవ్వు చూడాలి!

అన్నీ ఇలా నవ్వుకునేవే అయితే ఈ వారం ఇది రాసేదాన్ని కాదు.

2022 జూలై. నేను డిగ్రీలో ఉన్నాను. వారం రోజులుగా వాన. అమ్మమ్మ రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసేది. "ఎన్ని అడుగులే?" నీటిమట్టం కొలిచేది భద్రాచలంలో. ఆమె ఊరు మాకు దిగువన. అంటే మా దగ్గర పెరిగిన నీళ్లు తర్వాత వాళ్ల గుమ్మంలోకి వస్తాయి. ఆమె ఎప్పుడు ఇల్లు వదలాలో మా నంబరే చెప్పాలి.

53 దాటిందని చెప్పాను. "86లో దీపం గూటి దాకా వచ్చాయి. అప్పుడు 75 అడుగులు. ఇంకా చాలా ఉందిలే" అంది. 60 దాటిందని చెప్పినప్పుడు అమ్మ ఫోన్ లాక్కుని ఏడ్చింది. అప్పుడు కదిలింది. పక్కింటి కుర్రాళ్లు మెరక మీదున్న చుట్టాలింటికి చేర్చారు. ఆ తర్వాత వాళ్లకు కరెంటు పోయింది, ఫోన్ కలవలేదు. మాకూ అటు వెళ్లే రోడ్డు మునిగింది, గోదారి వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కరకట్ట మా ఊరిని కాసింది గానీ, స్లూయిజులు మూసేయడంతో లోపల కురిసిన వాన బయటికి పోక మోటార్లు పెట్టి తోడారు. 16వ తేదీన గోదారి 71.3 అడుగుల దగ్గర ఆగింది. రెండు రాత్రులు అమ్మ ఆ ఫోన్ చేతిలో పెట్టుకునే కూర్చుంది.

నీళ్లు తీశాక వెళ్లాం. ఇంట్లో మోకాలి లోతు బురద. గోడ మీద నీటి గీత దీపం గూటికి మూరెడు కింద ఉంది. పెట్టెలోని చీరలన్నీ ఒకే రంగులోకి మారాయి. అమ్మమ్మ గీతను చూసి, "చెప్పానా, గూటి దాకా రావని" అంది. ఆ తర్వాత కూర్చుని ఏడ్చింది.

అప్పుడే సాయం ప్రకటించారు. ఇటువైపు ముంపు కుటుంబానికి 10 వేలు, అటువైపు 2 వేలు. "మీ నీళ్లు పదివేలవీ, మా నీళ్లు రెండువేలవీనా?" అంది అమ్మమ్మ. ఆ నెలలోనే మా ఊరి పక్కనున్న ఐదు పంచాయతీల జనం, తమను తెలంగాణలో కలపమంటూ రోడ్డెక్కారు.

అలాగని ఒక రాష్ట్రం మంచిదీ, ఇంకోటి చెడ్డదీ అని చెప్పడం లేదు. 2024 జూలైలో అటువైపు ముసలివాళ్ల పింఛన్ 4 వేలు అయ్యింది. అప్పటికి మా వీధిలో ఇస్తున్నది 2,016. మా పక్కింటి మామ్మ అమ్మమ్మను చూసి కుళ్లుకుంది. లెక్కలు ఎటైనా మారతాయి. మారనివి వేరే ఉన్నాయి. వాళ్లకు జ్వరమొస్తే వచ్చేది భద్రాచలం ఆసుపత్రికే, పెళ్లి బట్టలు కొనేది మా బజార్లోనే. కాగితం పని పడితే మాత్రం జిల్లా కేంద్రమని పాడేరు దారి పట్టాల్సి వచ్చింది, ఘాట్ రోడ్లు దాటుకుంటూ. మా బాధ ఇంకోటి. ఊరు తప్ప చుట్టూ నేల లేదు. చెత్త ఎక్కడ వేయాలో తెలియక అది గోదారి ఒడ్డుకే చేరుతోంది. మీరు స్నానం చేసేది ఆ గోదారిలోనే.

మీరు తప్పకుండా రండి. శ్రీరామనవమికి రండి. గోదావరి జిల్లాల వాళ్లు వడ్లను గోళ్లతో ఒలిచి తెచ్చే తలంబ్రాలు చూడండి. వాటిని సరిహద్దులో ఎవరూ ఆపరు. 35 కిలోమీటర్ల దూరంలో పర్ణశాల చూడండి. చింతూరు రోడ్డు ఎక్కి అడవిలోకి వెళ్లండి. గోదారి 43 దాటినప్పుడు మాత్రం రీల్ కోసం ఘాట్ మీదికి రావద్దు. ఆ రోజుల్లో మాకు అది వ్యూ కాదు.

అమ్మమ్మ గోడకు సున్నం వేయించింది గానీ, ఆ నీటి గీత చెరపనివ్వలేదు. పైన 86 గూడు, కింద 22 గీత. వానాకాలం రాగానే ఆమె ఫోన్ వస్తుంది. హలో ఉండదు.

"ఎన్ని అడుగులే?"

చూసి చెప్తాను. అవతల ఆమె గోడ వైపు తిరిగి చూసుకుంటుందని నాకు తెలుసు.