అవ్వ చెప్పింది నీళ్ల సమస్య కాదు

చార్మినార్ పక్కన ఛత్తా బజార్‌లో ఒక ప్రింటింగు ప్రెస్సు మీది అంతస్తు గదిలో కూర్చుని ఇది రాస్తున్నాం. కింద పెళ్లికార్డులు అచ్చవుతున్నాయి. మా ముందర బల్లమీద ఒక సెల్‌ఫోను. పదిహేను రోజులకోసారి ఆ ఫోనులోనే మా మీటింగు. పాలమూరు పల్లెల నుంచి నలుగురైదుగురు, నల్లగొండ నుంచి ఇద్దరు, పాతబస్తీ నుంచి మేం ముగ్గురం, దుబాయికి పనికి పోయిన తమ్ముడొకడు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు గతిలేక మొదలుపెట్టిన ఆన్‌లైన్ మీటింగు ఇది. ఇప్పుడు అలవాటైపోయింది. బస్సు చార్జీ లేదు, కూలి పోదు. మంచిదే.

అంబేడ్కర్ జయంతికి ఒక పాట, ఒక వీధినాటకం అందరం కలిసి కట్టాలనుకున్నాం. మా కుర్రవాడొకడు మీటింగులోకి కొత్త సభ్యుణ్ణి తెచ్చిండు. ఏఐ అసిస్టెంటు. మనం మాట్లాడుతుంటే విని రాసుకుంటుంది. చివర్లో సారాంశం పంపుతుంది. అడిగితే పాటకు చరణాలు, నాటకానికి సీన్లు కూడా ఇస్తుంది. అందరం సంబరపడ్డాం.

ఆ రోజు పాలమూరు నుంచి ఒక అవ్వ మనవరాలి ఫోను పట్టుకుని మాట్లాడింది. తన చిన్నతనాన ఊరి బాయి మెట్లు దిగనిచ్చేవాళ్లు కాదట. పైనుంచి ఎవరన్నా దయతలచి కడవలో నీళ్లు పోసేదాకా ఎండలో నిలబడాలి. ఒకనాడు వాళ్లమ్మ దప్పికకు తాళలేక ఒక్క మెట్టు దిగింది. కడవ పగలగొట్టారు. కులం పేరు పెట్టి తిట్టారు. ఆమె ఏడ్వలేదు. పగిలిన కడవ పెంకు ఒకటి ఏరుకుని ఇంటికి తెచ్చి చూరులో దాచిపెట్టింది. "ఆ పెంకు ఇప్పటికీ నా కాడ ఉన్నది బిడ్డా" అన్నది అవ్వ. కొద్దిసేపు ఎవరికీ నోట మాట రాలేదు.

మీటింగు అయినంక మిషను సారాంశం పంపింది. అవ్వ గురించి అందులో ఉన్నది ఒక్క వాక్యం: "గ్రామంలో తాగునీటి సమస్యపై ఒక సభ్యురాలు తన అనుభవాన్ని పంచుకున్నారు."

తాగునీటి సమస్య! 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకుని మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగాడు. ఆ తరువాత అగ్రకులాలవాళ్లు ఆవు పేడ, మూత్రం కలిపి ఆ చెరువును 'శుద్ధి' చేసుకున్నారు. కేసు పదేళ్లు నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో మన పక్షాన తీర్పు వచ్చింది. ఆనాడు ఈ మిషను గనక మినిట్సు రాసి ఉంటే ఏమని రాసేది? "మహద్‌లో నీటి సరఫరాపై చర్చ జరిగింది" అనే కదా!

ఇది మిషను కుట్ర అని మేం అనటం లేదు. దాని పనితీరు చూడండి. అది మన గొంతును అక్షరాలుగా మారుస్తుంది. ఆ అక్షరాలను చూసి, ఇంతకుముందు లోకంలో రాసి ఉన్న రాతల కుప్పలోంచి తాను నేర్చుకున్న తీరులో, ఏ మాట తరువాత ఏ మాట వస్తుందో లెక్కగట్టి వాక్యం అల్లుతుంది. ఆ కుప్పలో పత్రికల తెలుగు ఉంది, ఆఫీసు తెలుగు ఉంది, అంతకంటే ఎన్నోరెట్లు ఇంగ్లీషు ఉంది. మాదిగవాడలో అవ్వ మాట్లాడే తెలుగు ఎంత ఉంది? మన అవ్వలు రాయలేదు, వాళ్లను రాయనియ్యలేదు. లేనిదాన్ని మిషను ఎక్కడినుంచి తెస్తుంది? 'బాయి', 'ఊరు', 'నీళ్లు' వినబడగానే దానికి తెలిసిన పెద్దదారి తాగునీటి సమస్య. ఆ దారినే పోయింది.

పాట సంగతి కూడా అంతే. చరణాలు ఇమ్మంటే క్షణంలో ఇచ్చింది. వెలుగు, వికాసం, నవోదయం, సమతా పుష్పం. ఒక్క తప్పు లేదు. మా డప్పు తమ్ముడు విని, "అన్నా, దీనికి డప్పు పడదే" అన్నాడు. అంతకంటే మంచి విమర్శ మేం రాయలేం.

అయితే తప్పంతా మిషను మీదికి తోసి చేతులు దులుపుకుందామా? అట్ల చేస్తే మోసం. ఆ కుర్రవాడే ఇంకో పని చేసిండు. మిషను పెట్టిన పూర్తి రాతలోంచి ఎవరెంతసేపు మాట్లాడారో లెక్క తీయించాడు. నమ్మక మేం మళ్లీ చేతితో లెక్కపెట్టుకున్నాం. గంటన్నర మీటింగులో గంటకు పైగా మాట్లాడింది పాతబస్తీలో కూర్చున్న మేం ముగ్గురమే. చదువుకున్నవాళ్లం, మగవాళ్లం, పంతుళ్లం. అవ్వకు దక్కింది నాలుగు నిమిషాలు. ఆమె మాట ఆగినంక మాలో ఒకరు, "సరే, ఇక అజెండాలో తరువాతి అంశం" అన్నాం. ఆ మాట కూడా అందులో రాసి ఉంది.

సిగ్గుపడ్డాం. మిషను అవ్వ మాటను ఒక్క వాక్యం చేసింది. మేం ఆ ఒక్క వాక్యం కూడా అడగలేదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. ఆ డిగ్రీ మాకు మాట్లాడటం నేర్పింది గానీ వినటం నేర్పలేదన్నమాట.

రాత ఎవరి చేతిలో ఉంటే బతుకు వాళ్ల చేతిలో ఉంటుందని మన ఊళ్లకు వేరే చెప్పాలా? పట్వారీ పహాణీలో ఏది రాస్తే అదే భూమి. దున్నినోడు ఒకడు, పేరు మరొకడిది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవులను రద్దు చేసేదాకా ఆ కలానికి ఎదురులేదు. ఇక్కడి నుంచి మూసీ దాటితే ఇసామియా బజార్. 1910లో భాగ్యరెడ్డి వర్మ అక్కడ మన పిల్లలకు బడి పెట్టాడు. అంతకు ముందే 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, చదువురాని జనానికి హరికథలతో విషయం చెప్పాడు. మనల్ని 'పంచములు' అని రాయొద్దు, 'ఆది హిందువులు' అని రాయండని ఏళ్ల తరబడి కొట్లాడాడు. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం అట్లనే రాసింది. ఒక్క పేరు కోసం అంత కొట్లాట ఎందుకు? రికార్డులో ఎక్కిన మాటే రేపు హక్కు అవుతుంది గనక.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. నలుగురి ముందర కులం పేరుతో తిట్టడం నేరమని 2015 సవరణ విడిగానే చెప్పింది. అంటే ఆ తిట్టు మాటే కేసుకు ప్రాణం. మా మిషను ఆ తిట్టును ఎట్ల రాసిందో తెలుసా? పూర్తి రాతలో "అభ్యంతరకర పదం" అని పెట్టింది. సారాంశంలో అదీ లేదు. మర్యాద కోసం చేసి ఉంటుంది. ఎవరి మర్యాద?

ఈ ఛత్తా బజార్‌లో ఒకప్పుడు ఉర్దూ కాతిబులు వరుసగా కూర్చుని కలంతో పెళ్లికార్డులు, పోస్టర్లు రాసేవాళ్లు. 1990లలో ఇన్‌పేజ్ అనే ఉర్దూ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ పని చాలావరకు పోయింది. వేగం పెరిగింది, ఖర్చు తగ్గింది, కాదనలేం. కానీ కాతిబు సాబ్‌కు ఒక గుణం ఉండేది. నువ్విచ్చిన కాగితంలో మాట తేడాగా ఉంటే కలం ఆపి, "మియా, ఇది నిజంగా ఇట్లనేనా?" అని అడిగేవాడు. మా మీటింగులో మిషను అడగలేదు. తెలియని చోట కూడా తెలిసినట్టే రాసుకుంటూ పోయింది. కాబట్టి అడగాల్సింది మనం.

"అయితే వద్దంటరా సార్?" అని మా పిల్లలు మీదికొచ్చారు. "వేల ఏండ్లు మనకు అక్షరం వద్దన్నరు. ఇప్పుడు మీరు మిషను వద్దంటరా?" ఆ ప్రశ్న న్యాయమైనదే. తహసీల్దారుకు అర్జీ, సమాచార హక్కు దరఖాస్తు, ఇంగ్లీషులో ఉత్తరం రాయటానికి మాకు పదేళ్ల చదువు పట్టింది. ఈ పిల్లలు పావుగంటలో రాయిస్తున్నారు. నైట్ డ్యూటీ వల్ల మీటింగుకు రాలేని దుబాయి తమ్ముడు తెల్లారి నోట్సు చదువుకుని తన మాట పంపుతున్నాడు. నలుగురిలో నోరు విప్పని ఒక చెల్లె తన ఆలోచన టైపు చేసి పెడుతోంది. ఇవన్నీ లాభాలే. మేం వద్దనటం లేదు. గుమస్తాగా పెట్టుకోండి, అధ్యక్షుడిగా కూర్చోబెట్టకండి అంటున్నాం.

మేం దెబ్బతిని నేర్చుకున్న పద్ధతి ఇది. మీ సంఘాల్లో కూడా చేసి చూడండి.

ఒకటి. మొదటి అరగంట మిషను బంద్. ముందు ఆడవాళ్లు, ముసలివాళ్లు, కూలికి పోయేవాళ్లు మాట్లాడాలి. పంతుళ్లు, లీడర్లు ఆఖర్న.

రెండు. మిషను పెట్టేముందు అందరికీ చెప్పాలి. మన మాట కంపెనీవాళ్ల కంప్యూటర్లలోకి పోతుందని విడమరచి చెప్పాలి. ఒక్కరు వద్దన్నా ఆపెయ్యాలి.

మూడు. అది రాసిన సారాంశం మీటింగు ముగిసేలోపు పైకి చదవాలి. ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడగాలి: "నువ్వు చెప్పింది ఇదేనా?" కాదంటే వాళ్ల నోటి మాట ఉన్నదున్నట్టు ఎక్కించాలి. కులం పేరు, ఊరి పేరు తీసెయ్యొద్దు.

నాలుగు. దానితో పాట రాయించొద్దు, పాటకు పని చేయించుకోండి. ఎవరేం చెప్పారో జాబితా తీయమనండి, ఎవరి మాట వదిలేశావని నిలదీయండి. మన నాటకం మీద ఎదుటివాడు ఏం ప్రశ్నలు వేస్తాడో అడగండి. తేదీలు, పేర్లు చెబితే పుస్తకంతో సరిచూసుకోండి, అది తప్పులు కూడా ధీమాగా చెబుతుంది.

అయిదు. అత్యాచారం కేసులు, బాధితుల పేర్లు, సాక్షుల సంగతి మాట్లాడేటప్పుడు మిషను ఉండనే కూడదు. కాగితం, కలం, నమ్మకమైన మనిషి. అంతే.

తరువాతి మీటింగులో అవ్వను మళ్లీ అడిగాం. ఈసారి మేం నోరు మూసుకున్నాం. ఆమె అరగంట చెప్పింది. చెబుతూ చెబుతూ రాగం తీసింది. డప్పు తమ్ముడు అందుకున్నాడు. టైపు చేసే చెల్లె ఇద్దరి మాటలూ కలిపింది. మిషను వరుస రాసిపెట్టింది, మేం తప్పులు దిద్దాం. పాట కడవ పెంకు మీద మొదలవుతుంది. నాటకంలో ఆ పెంకును జనం ముందు పెట్టడానికి అవ్వే వస్తానన్నది.

ఆ మొదటి సారాంశం మేం చించి పారెయ్యలేదు. పక్కన అవ్వ మాట ఉన్నదున్నట్టు రాసి, రెండూ కలిపి ఫైల్లో పెట్టాం. మీ ఊళ్లో మీటింగు పెట్టినప్పుడు ముందు ఒకటి చూసుకోండి: మినిట్సులో ఎవరి మాట ఉంది, ఎవరి మాట 'సమస్య'గా మారిపోయింది?

జై భీం.