శిశు విద్య విద్యార్థినుల ఇంటర్న్‌షిప్‌పై బోర్డ్ ఆఫ్ స్టడీస్ తీర్మానం

మహిళా డిగ్రీ కళాశాల హోం సైన్స్ విభాగపు బోర్డ్ ఆఫ్ స్టడీస్ (ఇకపై ‘మండలి’) ఈ తీర్మానాన్ని చర్చించి ఆమోదించింది. సమావేశానికి విభాగ అధ్యాపకులు, పూర్వ విద్యార్థినులు, సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) సూపర్‌వైజర్లు, అంగన్‌వాడీ టీచర్లు, ప్రైవేటు ప్లేస్కూళ్ల తరఫున ఒక సభ్యురాలు, చివరి సంవత్సరం విద్యార్థినుల ప్రతినిధులు హాజరయ్యారు.

పూర్వరంగం

1975 అక్టోబరు 2న దేశంలోని 33 బ్లాకుల్లో ప్రయోగంగా మొదలైన ఐసీడీఎస్ పథకం ఆంధ్రప్రదేశ్‌లో 257 ప్రాజెక్టులకు, 55,607 అంగన్‌వాడీ కేంద్రాలకు విస్తరించింది. పెద్ద ఊళ్లలో వాడకొకటి చొప్పున ఉన్న ఈ కేంద్రాలను మించిన బాలబడుల వ్యవస్థ రాష్ట్రంలో మరొకటి లేదు. అయినా శిశు వికాసాన్ని మూడేళ్లు చదివి పట్టా పుచ్చుకునే మా విద్యార్థినుల్లో అనేకమంది అంగన్‌వాడీలో ఒక్క పూటైనా పూర్తిగా గడపకుండానే కళాశాల దాటిపోతున్నారు. ఇది మండలి మొదటి పరిశీలన.

మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూడాలని జాతీయ విద్యా విధానం 2020 చెప్పింది. 2022 అక్టోబరులో ఆ దశకు పాఠ్య ప్రణాళికా చట్రం వచ్చింది. 2023 మేలో అంగన్‌వాడీల కోసం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం మొదలైంది. ఆ తరువాత మూడేళ్లలోపు పిల్లలకు ‘నవచేతన’ చట్రం, మూడు నుంచి ఆరేళ్ల వారికి ‘ఆధారశిల’ పాఠ్య ప్రణాళిక వచ్చాయి. కాగితాలకు కొదవ లేదు. వాటిని చాప మీద కూర్చున్న పిల్లల మధ్య ఆటగా, పాటగా, కథగా మార్చగలవారే తక్కువ.

డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను 2020–21 నుంచి ప్రభుత్వం తప్పనిసరి చేసింది. ఆ పది నెలలు మా విభాగంలో ఎలా గడుస్తున్నాయో మండలి దాపరికం లేకుండా చెప్పుకోదలచింది. కొందరు ఆన్‌లైన్ కోర్సులతో సరిపెడుతున్నారు. కొందరు తెలిసినవారి సంస్థ నుంచి సంతకం, స్టాంపు తెచ్చుకుంటున్నారు. ప్లేస్కూలుకు వెళ్లినవారికి అడ్మిషన్ల సీజన్లో కరపత్రాలు పంచడం, గోడలకు బొమ్మలు అంటించడం, వార్షికోత్సవానికి డ్యాన్సులు నేర్పడం, టీచరు సెలవు పెట్టిన రోజున తరగతి మొత్తం నెత్తిన వేసుకోవడం తప్ప వేరే పని దొరకడం లేదు. అంగన్‌వాడీకి వెళ్లినవారి సంగతీ గొప్పగా లేదు. ఫోను బాగా వాడే అమ్మాయి దొరికిందని పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించే పని అప్పగిస్తున్నారు. ఇందులో టీచర్ల తప్పేమీ లేదు. పోషకాహారం, టీకాలు, బరువులు, గృహ సందర్శన, సర్వేలు ఒక్క మనిషి మీద పడ్డప్పుడు చేతికందిన సాయాన్ని ఎవరు కాదంటారు?

చివరికి మా చేతికి వచ్చేది రికార్డు పుస్తకం. అట్ట వేసి, రంగు పెన్నులతో మార్జిన్లు కొట్టి, సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని రాసినది. పిల్లల పేర్లు మారతాయి, పరిశీలనలు మారవు. దానికి మార్కులు వేస్తున్నది మేమే కాబట్టి దిద్దుకోవలసిన బాధ్యతా మాదే.

హైస్కూల్లో పాఠాలు చెప్పబోయే బీఈడీ విద్యార్థికి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనలు 20 వారాల ఇంటర్న్‌షిప్ విధించాయి. మాటలు ఇంకా పూర్తిగా రాని, తనకేం కావాలో ఏడుపుతో చెప్పే పిల్లలతో పనిచేయబోయేవారికి అంతకంటే తక్కువ చాలునని మండలి భావించడం లేదు.

తీర్మానం

ఇంటర్న్‌షిప్ కాలం గురించి. ఆ పది నెలల్లో రెండు నెలల స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్‌ను ఇప్పటివరకు కళాశాల సెలవులకు సర్దుతున్నాము. ఎండాకాలంలో కేంద్రాలు ఒంటిపూట నడుస్తాయి. పిల్లలు అమ్మమ్మల ఊళ్లకు వెళ్లిపోతారు. టీచరు, ఆయా వంతుల వారీగా సెలవు తీసుకుంటారు. పిల్లలు లేని వేళ చూసి విద్యార్థినిని పంపి, పిల్లల గురించి రాసుకు రమ్మనడం ఈ విభాగంలో ఏళ్లుగా నడుస్తున్న విచిత్రం. 2026–27 విద్యా సంవత్సరం నుంచి మా విద్యార్థినుల సెమిస్టర్ పొడుగు సుదీర్ఘ ఇంటర్న్‌షిప్ జూన్ రెండో పక్షంలోనే మొదలు కావాలని మండలి తీర్మానించింది. పెద్ద పిల్లలు ఒకటో తరగతికి వెళ్లి, మూడేళ్ల పిల్లలు కొత్తగా చేరేది అప్పుడే. అమ్మ కొంగు వదలనివాడు, గుమ్మం దగ్గరే కూర్చుండిపోయేది, అన్నం ముట్టనిది, పక్కవాణ్ణి కొరికేవాడు అందరూ ఆ రోజుల్లోనే ఒకచోట కనబడతారు. ఆధారశిల 48 వారాల ప్రణాళికలో మొదటి నాలుగు వారాలను పిల్లలు కేంద్రానికి అలవాటు పడటానికే కేటాయించారు. ఆ నాలుగు వారాలు చూడని విద్యార్థినికి తక్కిన 44 వారాల సంగతి అరకొరగానే అర్థమవుతుంది. ఒక సెమిస్టర్ మొత్తం ఒకే కేంద్రంలో, అదే పిల్లలతో గడపాలి. నెలకో కేంద్రం తిప్పే పద్ధతిని రద్దు చేస్తున్నాము. సెమిస్టర్ పరీక్షల తేదీలను దీనికి అనుగుణంగా మార్చవలసిందిగా విశ్వవిద్యాలయాన్ని కోరుతున్నాము.

మార్గదర్శక టీచరు గురించి. ఇంటర్న్‌కు కేంద్రంలో పని నేర్పేది అంగన్‌వాడీ టీచరు. రాష్ట్రంలోని అంగన్‌వాడీ టీచర్లు 2023 డిసెంబరులో సమ్మెకు దిగేనాటికి వారి గౌరవ వేతనం నెలకు 11,500 రూపాయలు. అందులోనే మా విద్యార్థినులకు ఉచితంగా శిక్షణ కూడా ఇవ్వమనడం న్యాయం కాదు. కళాశాల ఇంటర్న్‌షిప్ ఖాతా నుంచి ప్రతి మార్గదర్శక టీచరుకు సెమిస్టరుకు నిర్ణీత పారితోషికం ఇవ్వాలనీ, అతిథి బోధకురాలిగా కళాశాల ఉత్తర్వు జారీ చేయాలనీ, మూల్యాంకనంలో సగం మార్కులు ఆమె చేతిలో ఉంచాలనీ మండలి తీర్మానించింది. ఈ తీర్మానపు ముసాయిదాలో మార్గదర్శక టీచరు ప్రతి వారం నింపవలసిన ఒక పట్టిక ఉండేది. సమావేశానికి వచ్చిన టీచరొకరు లేచి, “మేడమ్, నేర్పమంటే నేర్పుతాం. ఇంకో రిజిస్టరు మాత్రం మాకొద్దు,” అన్నారు. ఆ పట్టికను తీసేశాము. దాని బదులు విభాగ అధ్యాపకురాలు పదిహేను రోజులకొకసారి కేంద్రానికి స్వయంగా వెళ్లి, పిల్లలు ఇంటికి వెళ్లాక టీచరుతోనూ ఇంటర్న్‌తోనూ కూర్చుని మాట్లాడాలి. అధ్యాపకుల పని గంటల్లో దీన్ని లెక్కించాలి.

ఇంటర్న్ చేయవలసిన, చేయకూడని పనుల గురించి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్లో ఇరవైమందికి ఒకరు చొప్పున పెద్దలు ఉండాలని శిశు సంరక్షణ, విద్యపై 2013 జాతీయ విధానంతోపాటు వచ్చిన నాణ్యతా ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ లెక్కలో ఇంటర్న్‌ను కలపరాదు. టీచరు గానీ ఆయా గానీ లేనప్పుడు ఆమెకు పిల్లలను ఒంటరిగా అప్పగించరాదు. యాప్‌లో వివరాలు ఎలా నమోదు చేస్తారో ఆమె చూడవచ్చు, దినచర్యగా చేయరాదు. బరువు తూచడం, ఎదుగుదల చార్టులో గుర్తించడం మాత్రం స్వయంగా నేర్చుకోవాలి. పిల్ల ఎందుకు మందకొడిగా ఉందో చాలాసార్లు ఆ చార్టే చెబుతుంది.

2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సాగిన అంగన్‌వాడీ సమ్మెలో పలుచోట్ల కేంద్రాల తాళాలు పగలగొట్టి, గ్రామ, వార్డు సచివాలయ సిబ్బందితో తెరిపించడం అందరూ చూశారు. అటువంటి పరిస్థితి మళ్లీ వస్తే మా విద్యార్థినులను ఆ పనికి పంపబోమని మండలి ముందే ప్రకటిస్తున్నది. సమ్మె రోజుల్లో ఇంటర్న్ కళాశాలకు రావాలి. ఆ రోజులు హాజరుగానే లెక్కకు వస్తాయి.

రికార్డు గురించి. పాత రికార్డు పుస్తకాన్ని రద్దు చేస్తున్నాము. ప్రతి విద్యార్థినీ ముగ్గురు పిల్లలను సెమిస్టర్ పొడుగునా గమనించి తన మాటల్లో రాసుకోవాలి. ఆ ముగ్గురిలో ఒకరు కేంద్రంలో అందరికంటే తక్కువ మాట్లాడే పిల్ల అయి ఉండాలి, ఎందుకంటే చలాకీ పిల్లలు ఎలాగూ కంటబడతారు. పిల్ల అన్న మాటను అన్నట్టే, ఆ ఊరి యాసలోనే రాయాలి, పాఠ్యపుస్తకం తెలుగులోకి దిద్దరాదు. తప్పని తెలిసినా అలాగే ఉంచాలి. మూడేళ్ల పిల్ల చేసే తప్పులోనే ఆమె భాషను ఎలా కట్టుకుంటున్నదో బయటపడుతుంది. వారంలో కనీసం ఒక కథ పుస్తకం చూడకుండా చెప్పాలి. ఆ ఊరి ముసలమ్మల దగ్గర విన్నదైతే మరీ మంచిది. చుట్టుపక్కల దొరికే వస్తువులతో ఆట సామగ్రి చేయాలి. థర్మోకోల్ చార్టులకు ఇకపై మార్కులు లేవు.

ఈ అంశంపై మండలిలో చర్చ ఎక్కువసేపు సాగింది. చేతిరాతలో, చిందరవందరగా ఉన్న నోట్సుకు మార్కులు ఎలా వేయాలని ఇద్దరు అధ్యాపకులు అడిగారు. నోట్సు పక్కన పెట్టి, ఆ పిల్ల గురించి చెప్పమని విద్యార్థినిని పావుగంట కూర్చోబెడితే తెలిసిపోతుందని పూర్వ విద్యార్థిని ఒకరు సూచించగా అందరూ అంగీకరించారు. మౌఖిక పరీక్ష ఆ విధంగా జరుగుతుంది.

ఏజెన్సీ ప్రాంతాల గురించి. సీతంపేట, పాడేరు, రంపచోడవరం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏ) పరిధి నుంచి వచ్చే విద్యార్థినులు మాకు ఉన్నారు. అయినా వారిని పట్నంలోని కేంద్రాలకే పంపుతున్నాము. సవర, కోయ, కువి మాట్లాడే పిల్లలున్న కేంద్రాల్లో ఆ భాష వచ్చిన ఇంటర్న్ ఉండటం ఎంత మేలో వేరే చెప్పనక్కరలేదు. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది. అంతకు ఎన్నో దశాబ్దాల ముందే మహారాష్ట్రలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ గిరిజన పిల్లల వాకిళ్లకే బాలబడిని తీసుకువెళ్లారు, పశువులు మేపే పిల్లల కోసం పచ్చిక బయళ్లలోనే బడి పెట్టారు. కోరుకున్న విద్యార్థినికి సొంత ఐటీడీఏ పరిధిలోనే ఇంటర్న్‌షిప్ ఇవ్వాలి. అక్కడ ఉండటానికి గిరిజన సంక్షేమ హాస్టళ్లలో చోటు కల్పించవలసిందిగా ప్రభుత్వాన్ని కోరుతున్నాము.

భృతి గురించి. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో అగ్రశ్రేణి 500 కంపెనీల్లో చేరిన యువతకు నెలకు 5,000 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు. మొదలైనప్పటి నిబంధనల ప్రకారం పూర్తికాలం చదువుకుంటున్నవారికి అది వర్తించదు, పైగా అంగన్‌వాడీ కంపెనీ కాదు. కంపెనీలో నేర్చుకునేవారికి భృతి అవసరమని గుర్తించిన ప్రభుత్వం పిల్లల దగ్గర నేర్చుకునేవారికీ అది అవసరమని గుర్తిస్తే బాగుంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో మహిళలకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమయ్యాక సగం బరువు తగ్గింది. మిగిలింది బస్సు దిగాక షేర్ ఆటో, మధ్యాహ్నం భోజనం. పిల్లలకు వచ్చే భోజనం, గుడ్డు లెక్కలో ఇంటర్న్ వాటా తీసుకోరాదు కనుక, ప్రభుత్వ భృతి వచ్చేవరకు ఈ రెండు ఖర్చులను కళాశాలే భరించాలని తీర్మానించడమైనది. మా విద్యార్థినులను ఇంటర్న్‌లుగా కోరుకునే ప్రైవేటు ప్లేస్కూళ్లు తప్పనిసరిగా భృతి చెల్లించాలి.

భద్రత గురించి. పోక్సో చట్టం 2012పై ఒక రోజు అవగాహన తరగతికి హాజరైన తరువాతే విద్యార్థినిని కేంద్రానికి పంపాలి. పిల్లల ఫొటోలు, వీడియోలు స్టేటస్‌లో గానీ వాట్సాప్ గ్రూపులో గానీ పెట్టరాదు. విభాగానికి ‘ప్రూఫ్’గా ఫొటోలు పంపమని అధ్యాపకులు కూడా అడగరాదు.

అసమ్మతి, సవరణలు

ప్లేస్కూళ్లు భృతి చెల్లించాలన్న నిబంధనను ఆ సంస్థల తరఫు సభ్యురాలు వ్యతిరేకించారు. చిన్న ఊళ్లలో ఫీజులే సరిగా వసూలు కావడం లేదనీ, నిబంధన పెడితే ఇంటర్న్‌లను తీసుకోవడమే మానేస్తామనీ ఆమె అన్నారు. ఆమె మాటలో వాస్తవం ఉంది. అయితే భృతి ఇవ్వలేని సంస్థ ఇంటర్న్‌ను టీచరు బదులు వాడుకుంటున్నదన్నదీ వాస్తవమేనని మెజారిటీ అభిప్రాయపడింది. నిబంధన మెజారిటీతో ఆమోదం పొందింది. ఆమె అసమ్మతిని నమోదు చేయడమైనది. మిగతా అంశాలన్నీ ఏకగ్రీవం.

ఈ తీర్మానం ప్రతులను కళాశాల ప్రిన్సిపాల్‌కు, విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్‌కు, రాష్ట్ర ఉన్నత విద్యా మండలికి, మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ డైరెక్టర్‌కు, జిల్లాలోని శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారులందరికీ (సీడీపీఓలు) పంపాలి. ఇంటర్న్‌లను తీసుకోబోయే కేంద్రాల టీచర్లకు, ఆయాలకు తెలుగు ప్రతిని పంపి ఊరుకోక, జూన్ మొదటి వారంలో వారిని కళాశాలకు పిలిచి చదివి వినిపించాలి. వారి రానుపోను ఖర్చు విభాగమే పెట్టుకోవాలి. వారు సూచించే మార్పులను మండలి తదుపరి సమావేశపు అజెండాలో మొదటి అంశంగా చేర్చాలి.