ఉలి ఒకరిది, పేరొకరిది



ఇంగ్లండులోని పాతకాలపు ప్రభువుల భవనాలలో కొయ్యచెక్కడం కన్ను చెదిరేలా ఉంటే చాలు, అది గిబ్బన్స్ పనే అనివేయడం పరిపాటి. ఈ దురాచారాన్ని ఖండిస్తున్నాను.

గ్రిన్లింగ్ గిబ్బన్స్ (1648-1721) మహాశిల్పి; సందేహం లేదు. పెట్‌వర్త్ భవనంలో లిండెన్ కలపను పూలుగా, పక్షులుగా, వాద్యాలుగా మలచిన ఆ చేతికి నమస్కారం. కాని డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్ సంగతి వేరు. అక్కడి లెక్కలలో కూలి పుచ్చుకొన్న చెక్కడపు పనివారిలో శామ్యూల్ వాట్సన్ ఉన్నాడు; గిబ్బన్స్ కానరాడు. అయినా 18వ శతాబ్దంలో హొరేస్ వాల్పోల్ అక్కడి కీర్తిలో పెద్దపాలు గిబ్బన్స్‌కు పంచి, వాట్సన్‌ను సహాయకుణ్ణి చేశాడు. తరువాతివారు దానినే వల్లించారు. 1715లో గతించిన వాట్సన్‌కు హీనర్ చర్చిలో ఉన్న స్మారకఫలకం మాత్రం, చాట్స్‌వర్త్‌కు వెళ్లి ఇతని పనితనం చూడుమంటున్నది.

పని గొప్పది కనుక ప్రసిద్ధునిదే అనడం ఏ ప్రమాణం? చక్కని చాటువు ప్రతిదీ శ్రీనాథునికి అంటగట్టే మనకు ఈ తర్కం కొత్త కాదు. దీనివలన ప్రసిద్ధునికి కొత్తగా ఒరిగేది లేదు. అప్రసిద్ధునికి ఉన్న ఒక్క ఆస్తీ పోతుంది. లెక్కలు చూడక పేరు చెప్పడం పొగడ్త కాదు, అపహరణం.

కాదనువారు ప్రమాణం చూపుదురు గాక.