అంగడి మూయించింది వాళ్లు కాదు, మనమే

పోస్టు జర పెద్దగయింది. కోపం మీద రాస్తున్న, ఓపికతోని చదవుండ్రి.

నాలుగు రోజుల సంది మన గ్రూపుల ఒకటే లొల్లి. డల్లాస్ పక్కన ఆదివారం జరిగే ఒక ఫ్లీ మార్కెట్‌ల వచ్చే నెల నుంచి కోడిపిల్లలు, కౌజు పిట్టలు, కుందేళ్లు అమ్మొద్దని నోటీసు పెట్టిన్రు. మనోళ్లు ఇద్దరు ముగ్గురు అక్కడ నాటుకోడి పిల్లలు అమ్ముకుంటరు. "మన పొట్ట కొట్టిన్రు", "గరీబోని మీదనే అన్ని రూల్స్" అని మెసేజుల మీద మెసేజులు. తప్పు మన దిక్కు కూడా ఉన్నది అని ఒక్క మాట అన్నందుకు నన్ను "ఓనర్ మనిషి" అన్నరు. సరే, నేను కండ్లతో చూసింది రాస్తా, తర్వాత మీరే చెప్పుండ్రి.

పోయిన నెల ఆఖరి ఆదివారం నా బిడ్డ కుందేలు కావాలంటే తీసుకపోయిన. పొద్దున పదకొండింటికే 96 డిగ్రీలు. మనోడు ఒకడు తారు నేల మీద అట్టపెట్టెలు పెట్టి అమ్ముతుండు. ఒక్కో పెట్టెల యాభై అరవై పిల్లలు. పైన పరదా లేదు. నీళ్ల గిన్నె ఉన్నది గానీ బోర్ల పడ్డది. మీదున్న పిల్లలు నోరు తెరిచి ఒగరుస్తున్నయి, కిందున్నయి కదులుతలేవు. "నాన్నా, అవి పండుకున్నయా?" అని నా బిడ్డ అడిగింది. నాకు జవాబు రాలేదు. ఆయన కుర్చీ మాత్రం గొడుగు కింద ఉన్నది.

"తమ్మీ, నీళ్లు పెట్టు, నీడకు జరుపు" అన్న. "అన్నా, మొదటి వారం పిల్లకు 95 డిగ్రీల వేడి కావాలె, నీకు తెల్వదు" అన్నడు. నాకు తెలుసు తమ్మీ. మా అమ్మ కోళ్లు పెంచిన మనిషి. 95 అనేది బ్రూడర్ లెక్క. బ్రూడర్‌ల దీపం ఒక దిక్కే ఉంటది. వేడి ఎక్కువైతే పిల్ల రెండో దిక్కు పోతది, నీళ్లు తాగుతది. ఎండల పెట్టిన అట్టపెట్టెల పిల్ల ఎటు పోతది? పైన ఎండ, కింద కాలిన తారు, పక్కన యాభై పిల్లల ఒంటి వేడి. వారం వారం ఐదు డిగ్రీలు తగ్గించుకుంట పోవాలె అనేది కూడా ఆ లెక్కలోదే, అది ఎవ్వరు చెప్పరు.

ఇంక సగం సరుకు కారులనే పెట్టిండు, అద్దాలు ఎక్కిచ్చి. బయట 90 డిగ్రీలు ఉంటే మూసిన కారు లోపల పది నిమిషాలకే 109 అయితది. ఇది ఇక్కడ చిన్న పిల్లలున్న ప్రతి ఇంట్ల తెలిసిన సంగతే.

ఇప్పుడు పక్క దుకాణం సంగతి వినుండ్రి. ఒక మెక్సికన్ పెద్దమ్మ. ఆమె దగ్గర పాత దుప్పటి కట్టి నీడ చేసింది. కుందేళ్లకు చెమట పట్టదు, ఎండ దెబ్బకు తొందరగా పోతయి. అందుకే ఒక్కో బోనుల గడ్డకట్టిన నీళ్ల సీసా పెట్టింది, అవి దానికి ఆనుకొని పండుకున్నయి. కౌజు పిల్లలు నీళ్ల గిన్నెల మునిగి చస్తయని గిన్నెల గులకరాళ్లు వేసింది. బోను మీద బోను పెట్టలేదు, పైదాని రెట్ట కిందదాని మీద పడకుండ. పక్కన ఒక డబ్బాల నీళ్లు, సబ్బు. ముట్టుకున్న ప్రతి పిల్లగానితో చేతులు కడిగిచ్చింది. ఆమె గరీబు కాదా? ఆమెకు ఏసీ ఉన్నదా? దుప్పటి, సీసా, రాళ్లు, సబ్బు. అంతే ఖర్చు.

నోటీసు ఆమెకు కూడా వచ్చింది. నాకు కడుపు మండింది ఇక్కడనే. మనం చేసిన దానికి ఆమె పొట్ట కూడా పోయింది.

"కోడిపిల్లకు ఇంత కథనా" అని నవ్వెటోళ్లు జర ఆగుండ్రి. ఇది పిల్లల పాణం సంగతి కూడా. కోడిపిల్ల పైకి శుభ్రంగ కనపడ్డా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవిని మోస్తది. 2020లో ఇంటి పెరట్లో పెంచే కోళ్లు, బాతుల వల్ల అమెరికాలో 1,700 మందికి పైగా ఈ జబ్బు పడ్డారని సీడీసీ లెక్క తీసింది. ఐదేళ్ల లోపు పిల్లలను కోడిపిల్లలు ముట్టుకోనియ్యొద్దని వాళ్లు ప్రతి ఏడు చెప్తనే ఉంటరు. మనం ఏం చేస్తం? పిల్లల చేతుల పెట్టి ముద్దు పెట్టిచ్చి ఫొటో దిగుతం.

చిన్న తాబేళ్ల సంగతి తెలుసా? పిల్లలు వాటిని నోట్లో పెట్టుకొని ఇదే జబ్బు పడుతుంటే, నాలుగు అంగుళాల కన్న చిన్న తాబేలును పెంపకానికి అమ్మొద్దని 1975లో దేశమంతా ఆపేసిన్రు. ఆ రూల్ ఇప్పటికీ నడుస్తున్నది.

కోళ్లకు వచ్చే రోగాల సంగతి వేరే. 2018లో కాలిఫోర్నియాలో పెరటి కోళ్లలో న్యూకాజిల్ రోగం పట్టింది. అది పోయేసరికి 2020 అయింది, 12 లక్షలకు పైగా పక్షులను చంపాల్సి వచ్చింది. 2025లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు జార్జియా రాష్ట్రం కోళ్ల ప్రదర్శనలు, అంగళ్లు అన్నీ ఆపింది. అదే ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో కూడా వచ్చి, తెలంగాణ సరిహద్దుల కోళ్ల లారీలను ఆపిన్రు. అమ్ముడుపోని కోళ్లను సాయంత్రం సక్కగ తీసుకపోయి ఇంటి కోళ్లల్ల కలుపుతరు మనోళ్లు. నాలుగు వారాలు వేరే పెట్టాలె అని ఎందరికి తెలుసు? టెక్సాస్‌ల కోళ్లు అమ్మాలంటే యానిమల్ హెల్త్ కమిషన్ దగ్గర పేరు రాయించుకోవాలె, లేకపోతే ఎన్‌పీఐపీ సర్టిఫికెట్ ఉండాలె. ఎందరికి ఉన్నది? చేతులు ఎత్తుండ్రి.

ఇగ గ్రూపుల ఒక తమ్ముడు పెట్టిన మాట. "సైట్ మీద మనకే నీళ్ల బ్రేక్ లేదు, కోడిపిల్లకు కావాల్నా?" అన్నడు. దానికి నలభై మంది లైక్ కొట్టిన్రు. ఈ మాటకే నేను ఈ పోస్టు రాసిన.

నేను ముందు గల్ఫ్‌ల, తర్వాత ఇక్కడ, ఇరవై ఏండ్లు ఎండల పని చేసిన, చేయించిన. ఎండకు మనిషి పడిపోవుడు ఎట్లుంటదో నా కండ్ల ముందట చూసిన. నీళ్లు, విశ్రాంతి, నీడ అని ఓషా పోస్టరు ప్రతి సైట్ మీద ఉంటది. ఆస్టిన్, డల్లాస్ నగరాలు నాలుగు గంటలకు పది నిమిషాల బ్రేక్ రూల్ పెట్టుకుంటే, ఊర్ల రూల్స్ చెల్లకుండ 2023లో రాష్ట్రం చట్టం తెచ్చింది. అప్పుడు మనం ఎంత మండిపడ్డం? "మేము మనుషులం కాదా" అన్నం. ఇప్పుడు మన చేతి కింద ఒక పాణం ఉన్నది. మనం మాట్లాడేది అచ్చం ఆ కాంట్రాక్టర్ మాట. రెండు డాలర్ల పిల్ల పోతే ఇంకోటి వస్తది అంటున్నం. వాడు కూడా మన గురించి అదే అనుకున్నడు.

మా ఊరి అంగట్ల కోళ్లను కాళ్లు కట్టి తలకిందులుగ సైకిలుకు వేలాడదీసేది. జాతరల రంగు కోడిపిల్లలు అమ్మేది. గుడ్ల కోళ్ల హేచరీలల్ల పనికిరావని పక్కకు పెట్టే పుంజు పిల్లలు అవి. నేను గులాబీ రంగుది కొని జేబుల పెట్టుకొని ఇంటికి పోయిన, తెల్లారేసరికి పోయింది. అప్పుడు ఎవ్వరు చెప్పలేదు, తెల్వదు. ఇప్పుడు తెలుసు.

అట్లని ఓనర్ చేసింది సరైనదని నేను అంటలేను. అందరిని ఒక్కటే గాటకు కట్టుడు తప్పు. కాలిఫోర్నియాలో 2013లో ఒక చట్టం చేసి 2016 నుంచి అమలు పెట్టిన్రు. స్థానిక ప్రభుత్వం నీళ్లు, తిండి, శుభ్రం, ఎండ చలి నుంచి కాపాడుడు లాంటి రూల్స్ పెట్టుకుంటేనే స్వాప్ మీట్‌ల జంతువులను అమ్మనియ్యాలె. లేకుంటే లేదు. ఇది నాకు న్యాయం అనిపిస్తది. మంచిగ అమ్మెటోడు ఉంటడు, అమ్మరానోడు పోతడు.

కాబట్టి లొల్లి ఆపి పని చేద్దాం. ఈ ఆదివారం పొద్దున నేను ఓనర్ దగ్గరికి పోతున్న, ఆ పెద్దమ్మను కూడా రమ్మన్న. నీడ, నీళ్లు, సబ్బు, కాగితాలు లేనోని దుకాణం మీరే తీసెయ్యుండ్రి, ఉన్నోళ్లను ఉండనియ్యుండ్రి అని అడుగుతం. పైపులు, షేడ్ నెట్ నా ఖర్చు, పందిరి నేనే వేస్తా. అది నాకు వచ్చిన పని. అమ్మెటోళ్లు పొద్దున ఏడింటికి రండి, రెండు చేతులు చాలు.

ఒప్పుకుంటడో లేదో తెల్వదు. ఒప్పుకోకపోతే ఆ పెద్దమ్మకు మొఖం ఎట్ల చూపియ్యాలె, అదే ఆలోచన నాకు.

తిట్టెటోళ్లు తిట్టుండ్రి, కామెంట్ బంద్ పెట్టలేదు. కానీ ముందు మీ పెట్టెల నీళ్లు ఉన్నయో లేవో చూసి వచ్చి తిట్టుండ్రి.