ఎదురుగాలి, ఎదురునీరు

సెలవులు రాగానే మన వడమాలపేట, పుత్తూరు ప్రాంతాల కుటుంబాలు కూడా పులికాట్ సరస్సుకో, పాపికొండలకో పడవ విహారానికి బయలుదేరుతుంటాయి. మనం మెట్టప్రాంతం వారం. ఆకాశం నిర్మలంగా ఉంటే నీరు కూడా నెమ్మదిగానే ఉంటుందని భావిస్తాము. నిజానికి నీటి స్థితిని తెలుసుకోవాలంటే ఆకాశాన్ని చూస్తే చాలదు. గాలి ఎటు వీస్తున్నదో, నీరు ఎటు పారుతున్నదో రెండింటినీ కలిపి చూడాలి.

దివ్య ఖుర్‌ఆన్‌లోని యూనుస్ సూరా 22వ ఆయత్, అనుకూల పవనంతో ఆనందంగా సాగే ఓడ ప్రయాణికులను పెనుగాలి, అలలు చుట్టుముట్టే స్థితిని ప్రస్తావిస్తుంది. ఆ మార్పుకు గల కారణాలలో ఒకదానిని తెలుసుకుందాం.

గాలి, ప్రవాహం ఒకే దిశలో సాగితే అలలు సాగి, చదునవుతాయి. అవి ఎదురెదురైతే అలల మధ్య దూరం తగ్గుతుంది, ఎత్తు పెరుగుతుంది. అల గోడవలె నిటారుగా లేచి విరిగిపడుతుంది. పైగా, గంటకు 20 కిలోమీటర్ల గాలి 5 కిలోమీటర్ల ప్రవాహానికి ఎదురైతే నీటిపై దాని తాకిడి 25 కిలోమీటర్ల గాలితో సమానం. వెంట వీస్తే 15తో సమానం. అటువంటి నీటిలో అడ్డం తిరిగిన చిన్న పడవ సులభంగా బోల్తా పడుతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గాలికి అది వచ్చే దిక్కును బట్టి, ప్రవాహానికి అది పోయే దిక్కును బట్టి పేరు. కనుక తూర్పుగాలి, తూర్పుకు పారే నీరు మిత్రులు కావు, ప్రత్యర్థులు.

సముద్ర ముఖద్వారాల వద్ద ఈ ప్రమాదం మరింత ఎక్కువ. సాధారణంగా మన తీరాన ఆరేసి గంటలకు ఆటుపోట్లు మారుతాయి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి బలపడుతుంది. అదే వేళకు నీరు బయటికి లాగితే, ఉదయం నిశ్చలంగా ఉన్న చోటే సాయంత్రం అల్లకల్లోలమవుతుంది.

గాలి, ప్రవాహం విడివిడిగానే ఎంతటి శక్తిమంతమైనవో గోదావరి చూపింది. 2018 మే 15న మంటూరు వద్ద లాంచీ పెనుగాలికి మునిగింది. గాలివానకు తలుపులు మూసుకొని లోపల కూర్చున్నవారు బయటపడలేకపోయారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు వద్ద వరద ప్రవాహంలో మునిగిన పడవలో 77 మంది ఉండగా, 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు.

కనుక కుటుంబ పెద్దలు పడవ ఎక్కకముందే సరంగును అడగాలి: గాలి ఎటు? నీరు ఎటు? తిరుగు ప్రయాణ వేళకు ఏ మార్పు రాగలదు? పిల్లలతో సహా అందరూ లైఫ్ జాకెట్ ధరించి, దాని పట్టీలు బిగించుకోవాలి. మూసిన గదిలో కూర్చోరాదు. కిక్కిరిసిన పడవ ఎక్కరాదు. డబ్బు ముందే చెల్లించామన్న కారణంతో సందేహాన్ని అణచుకోరాదు.

ఇది తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ముందు ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్నదే మన ప్రవక్త (స) బోధ. ఒడ్డునే ఆగి వెనుదిరిగిన కుటుంబం ఒక విహారాన్ని మాత్రమే కోల్పోతుంది.